హృదయకండరం, విద్యుద్వహన వ్యవస్థ: జన్యుశాస్త్ర చరిత్రలో తెలుగుమాట, తెలుగునేల

వ్యాససంగ్రహం

గుండె కండరం ఎలా ఏర్పడుతుంది, ఆ కండరంలో విద్యుత్తుకు దారి ఎలా పడుతుంది, ఈ రెండింటినీ ఏ జన్యువులు నడిపిస్తాయి అన్న ప్రశ్నలకు గత నూట ఇరవై ఏళ్లలో లభించిన సమాధానాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు వ్యవహారభాషను, బాపట్ల వరి పరిశోధనను, 2009లో హైదరాబాదు నుంచి వెలువడిన హృత్కండర జన్యుపరిశోధనను ఒకచోట చేర్చి చూస్తుంది. విత్తనపు వంశాన్ని గుర్తుంచుకున్న సమాజం గుండెజబ్బు వంశాన్ని ఎందుకు గుర్తించలేకపోతున్నదో, అందులో భాష పాత్ర ఎంతో చర్చిస్తుంది.

కీలకపదాలు: హృత్కండరం, లయారంభకం, కణుపు, జన్యువు, మేనరికం, వంశావళి, గుండెపోటు, సాంబ మసూరి.

ఉపోద్ఘాతం

తెలుగు వ్యవహారంలో హఠాన్మరణానికి దాదాపు ఒకే ఒక్క పేరు ఉంది: గుండెపోటు. డెబ్బై ఏళ్ల రైతు పొలంగట్టు మీద కూలిపోయినా, ఇరవై ఏళ్ల కుర్రవాడు కబడ్డీ ఆడుతూ పడిపోయినా, రాత్రి నిద్రపోయిన మనిషి తెల్లవారి లేవకపోయినా పరామర్శకు వచ్చినవారి నోట వినిపించేది ఆ మాటే. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసర గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులకు పాఠం చెప్పే నాకు ఈ పదం ఇంత విస్తృతార్థంలో వాడుకలో ఉండటం భాషాపరమైన ఆసక్తిగా మొదలై, క్రమంగా అంతకన్నా పెద్ద ప్రశ్నగా మారింది.

వైద్యశాస్త్రం దృష్టిలో పై మూడు మరణాలు మూడు వేరువేరు సంఘటనలు కావచ్చు. మొదటిది గుండెకు రక్తం తెచ్చే ధమని పూడుకుపోవడం. రెండోది వంశంలో వచ్చిన లోపం వల్ల గుండె కండరం మందమెక్కి, శ్రమపడే వేళ లయ తప్పడం. మూడోది కండరంలోనూ ధమనిలోనూ కంటికి కనిపించే లోపమేదీ లేకుండానే విద్యుత్తు దారి తప్పడం. మొదటిదానికి వయస్సు, పొగాకు, మధుమేహం, రక్తపోటు వంటివి ప్రధానకారణాలు. తక్కిన రెండూ చాలా సందర్భాల్లో వంశానుగతమైనవి. అంటే పోయినవాడితో కథ ముగియదు. అతడి తమ్ముడి గుండెలో, చెల్లెలి గుండెలో, బిడ్డ గుండెలో అదే లోపం చప్పుడు లేకుండా కొనసాగుతూ ఉండవచ్చు. మూడింటికీ ఒకే పేరు పెట్టినప్పుడు, మిగిలినవారిని పరీక్షించాలా అన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టడానికి అవకాశమే ఉండదు.

పోటు, దడ, కణుపు

‘పోటు’ అనే మాట ఈ తీరప్రాంతంలో నిత్యం రెండర్థాలలో వినిపిస్తుంది. నిజాంపట్నం, సూర్యలంక వైపు సముద్రం ఎదురెక్కితే పోటు, వెనక్కు తగ్గితే ఆటు. శరీరంలో పొడిచినట్టు వచ్చే నొప్పి కూడా పోటే: తలపోటు, కడుపుపోటు, పంటిపోటు. గుండెపోటు ఈ రెండో కుదురుకు చెందిన పదం. అది నొప్పిని బట్టి ఏర్పడిన పేరు. నొప్పి లేకుండా వచ్చే గుండెజబ్బుకు ఆ మాటలో చోటు లేదు.

ఆశ్చర్యమేమిటంటే, జబ్బు సంగతి పక్కన పెట్టి జాతీయాలను చూస్తే తెలుగు వేరే కథ చెబుతుంది. గుండె ఝల్లుమంది, గుండె గుభేలుమంది, గుండె దడదడలాడింది, గుండె ఆగినంత పనైంది. ఇవన్నీ కొట్టుకునే తీరును, ఆ తీరులో వచ్చిన మార్పును పట్టుకున్న మాటలు. గుండె ఒక లయ అని, ఆ లయ తప్పుతుందని, క్షణంపాటు ఆగి మళ్లీ అందుకుంటుందని భాషకు తెలుసు. భయాన్ని చెప్పడానికి వాడిన ఈ సంపదను జబ్బును చెప్పడానికి మనం వాడుకోలేదు.

శాస్త్రపరిభాష మరో దారిలో వచ్చింది. 1906లో జపాను దేశస్థుడు సునావో తవారా జర్మనీలోని మార్బుర్గ్‌లో లుడ్విగ్ ఆషాఫ్ వద్ద చేసిన పరిశోధనను గ్రంథంగా ప్రకటించాడు. క్షీరదాల గుండెలో పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు వెళ్లే దారి మొత్తాన్ని అతడు తొలిసారి ఒకే వ్యవస్థగా చూపించాడు. అంతకుముందు ముక్కలు మాత్రమే తెలుసు: 1839లో పర్కింజీ గొర్రెగుండె లోపలి పొరలో చూసిన వింత తంతువులు, 1893లో విల్హెల్మ్ హిస్ వర్ణించిన కండరపు కట్ట. ఈ ముక్కలు ఒకే చెట్టు కొమ్మలని చెప్పినవాడు తవారా. మరుసటి ఏడాది, 1907లో, ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ ఆ చెట్టు వేరును, అంటే లయ మొదలయ్యే చోటును ప్రకటించారు. వైద్యవిద్యార్థిగా ఉన్న ఫ్లాక్ దాన్ని మొదట గమనించింది ఒక చుంచెలుక జాతి జంతువు గుండెలో.

సరిగ్గా ఆ 1906లోనే హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. రెండింటికీ సంబంధం లేదు. అయినా శాస్త్రం తెలుగులో రావాలన్న సంకల్పమూ గుండె విద్యున్మార్గపు పూర్తి పటమూ ఒకే ఏట పుట్టాయన్నది చరిత్రకారుడు గుర్తుంచుకోదగిన విషయం. తెనాలిలో 1909లో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు, ఆ తరువాత ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ శాస్త్రవిషయాలను వాడుకభాషలో రాసి ఆ సంకల్పాన్ని ముందుకు తీసుకువెళ్లారు. పాఠ్యపుస్తక పరిభాష స్థిరపడింది మాత్రం 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతనే.

ఆ పరిభాషలో రెండు పొరలు కనిపిస్తాయి. పైగదికి కర్ణిక, కిందిగదికి జఠరిక అన్నవి లాటిను మాటలకు సంస్కృతంలో చేసిన అచ్చుపోతలు. ఒకటి ‘చిన్న చెవి’, మరొకటి ‘చిన్న పొట్ట’. విద్యుత్తు పుట్టే చోటుకూ, అది ఒక్క క్షణం నిలిచే చోటుకూ వచ్చేసరికి పాఠ్యపుస్తకం ఎంచుకున్న మాట అచ్చతెలుగుది: కణుపు. సిరాకర్ణికా కణుపు, కర్ణికాజఠరికా కణుపు. చెరకుగడకు, వెదురుకు, చేతివేలికి ఉండే కణుపే గుండెకూ వచ్చింది. చెరకు కణుపు దగ్గరే కన్ను ఉంటుంది, మొలక అక్కడి నుంచే వస్తుంది. గుండెలో లయ మొలకెత్తే చోటుకు ఇంతకంటే తగిన మాట దొరకదని నా అభిప్రాయం. ఈ పదాన్ని ఎంచుకున్న అనామక పరిభాషావేత్తకు మనం రుణపడి ఉన్నాం.

విద్యుత్తు నడిచే మొత్తం ఏర్పాటుకు మాత్రం అంత మంచి పేరు కుదరలేదు. ‘ప్రసరణ వ్యవస్థ’ అన్నది రక్తం తిరగడానికి ఎప్పుడో స్థిరపడింది. అదే మాటను విద్యుత్తుకూ వాడితే విద్యార్థి రక్తనాళాలనే ఊహించుకుంటాడు. అందుకే ఈ వ్యాసంలో ‘విద్యుద్వహన వ్యవస్థ’ అన్నాను. ఊళ్లో మనుషులకు ఈ ఇబ్బంది లేదు. లయ చూపే యంత్రం అమర్చితే ‘గుండెకు బ్యాటరీ పెట్టారు’ అంటారు. డాక్టరు గారు కూడా ‘గుండెలో కరెంటు సరిగా పోవడం లేదు’ అనే చెబుతారు. శాస్త్రీయంగా ఆ మాటలో తప్పేమీ లేదు.

కండరమే తీగ అయిన వైనం

గుండెలోని విద్యుత్తు నరాలదా, కండరానిదా అన్నది పందొమ్మిదో శతాబ్దమంతా నడిచిన వివాదం. నరాలన్నీ తెంచి బయటికి తీసిన గుండె కూడా తగిన ద్రవంలో ఉంచితే కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుందన్నది పాత పరిశీలన. తవారా గ్రంథం కండరం వైపు తూకాన్ని గట్టిగా మొగ్గించింది. అతడు చూపిన దారి నరపు తీగ కాదు, రూపు మారిన కండరం. మన పాఠ్యపుస్తకాలు క్షీరదాల గుండెను ‘కండరజనితం’ అని పేర్కొనడం వెనుక ఉన్న చరిత్ర ఇదే. కానీ కండరం ఎందుకు రూపు మార్చుకుంది, కొన్ని కణాలే ఎందుకు తీగలయ్యాయి అన్న ప్రశ్నకు జన్యుశాస్త్రం వచ్చేదాకా సమాధానం లేదు.

సమాధానపు తొలి కొస ఒక ఈగలో దొరికింది. 1993లో రోల్ఫ్ బోడ్మర్, ఒక జన్యువు పనిచేయని పండుఈగ పిండంలో గుండె అసలే ఏర్పడదని చూపించాడు. గుండె లేని ఆ ఈగను చూసి జన్యువుకు ‘టిన్‌మ్యాన్’ అని పేరు పెట్టారు. పాశ్చాత్య పిల్లలకథలో హృదయం కోసం వెతుక్కునే రేకుమనిషి పేరు అది. మన భాషలో ‘గుండె లేనివాడు’ అంటే పిరికివాడనో కఠినుడనో అర్థం కనుక ఈ చమత్కారం తెలుగులోకి తిన్నగా రాదు. అదే ఏడాది ఎలుకలో దాని బంధువైన జన్యువు దొరికింది. ‘ఎన్‌కేఎక్స్ 2-5’ అని దానికి పేరు. అది లేని ఎలుక పిండంలో గుండె గొట్టంగా మొదలై, వంపు తిరగవలసిన దశలో ఆగిపోతుందని 1995లో తేలింది. ఈగ నుంచి మనిషి దాకా గుండె కట్టే పనికి పరిణామం ఒకే కుటుంబపు జన్యువులను వాడుకుంటున్నదన్నమాట.

ఈ జన్యువులు చేసే పనిని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. మనిషి పిండంలో దాదాపు 22వ రోజుకు గుండె ఒక సన్నని గొట్టంగా ఉండి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటి కండరకణాలన్నీ దాదాపు ఒకే రకం. బలం తక్కువ, విద్యుత్తును నెమ్మదిగా పోనిస్తాయి, తమంత తాము కొట్టుకుంటాయి. తరువాత గొట్టంలో కొన్ని భాగాలు ఉబ్బి గదులవుతాయి. అక్కడ ఎన్‌కేఎక్స్ 2-5, టీబీఎక్స్ 5, గాటా 4 అనే మూడు జన్యువుల ఉత్పత్తులు చేతులు కలిపి బలమైన, వేగంగా విద్యుత్తును అందించే పని కండరాన్ని తయారుచేస్తాయి. మరికొన్ని చోట్ల టీబీఎక్స్ 2, టీబీఎక్స్ 3 అనేవి అడ్డుపడి, ‘మీరు గదులు కావద్దు’ అని ఆపేస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆంటూన్ మూర్మన్, విన్సెంట్ క్రిస్టఫెల్స్ బృందం చేసిన పరిశోధనలలో స్పష్టమైనది ఈ నిరోధపు పాత్రే. అలా ఆపబడిన కణాలే కణుపులు. అంటే సిరాకర్ణికా కణుపు కొత్తగా వచ్చి చేరిన పరికరం కాదు, పిండదశలోని పాత గుండె స్వభావాన్ని వదులుకోకుండా మిగిలిపోయిన ముక్క. అక్కడ షాక్స్ 2 అనే జన్యువు ఎన్‌కేఎక్స్ 2-5ను దూరంగా ఉంచుతుంది. తమంత తాము కొట్టుకునే పాత గుణం అందువల్లనే నిలుస్తుంది.

దీని ఫలితం వేగాల తేడాలో కనిపిస్తుంది. కర్ణికాజఠరికా కణుపులో విద్యుత్తు సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే నడుస్తుంది. పర్కింజీ తంతువులలో 2 నుంచి 4 మీటర్లు పరుగెడుతుంది. కణుపు దగ్గర సెకనులో పదోవంతు ఆలస్యమైనందువల్లే పైగది రక్తం కిందిగదిలోకి దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇక మనుషుల సంగతి. 1960లో లండనులో మేరీ హోల్ట్, శామ్యూల్ ఓరమ్ ఒక కుటుంబంలో గుండె పైగదుల మధ్య రంధ్రంతోపాటు చేతి బొటనవేళ్ల వికృతిని తరతరాలుగా గమనించారు. 1997లో దాని కారణం టీబీఎక్స్ 5 జన్యువులోని లోపమని తెలిసింది. ఈ రోగుల్లో కొందరికి బొటనవేలికి రెండు ఎముకలకు బదులు మూడుంటాయి. లయ కూడా తప్పుతుంటుంది. వేలి కణుపు, గుండె కణుపు అని తెలుగు ఒకే మాటతో పిలిచే రెండు చోట్లా ఒకే జన్యువు చేయి ఉంది.

మన ప్రాంతానికి ఇంకా ముఖ్యమైనది 1998 నాటి ఎన్‌కేఎక్స్ 2-5 పరిశోధన. అమెరికాలో జోనథన్, క్రిస్టీన్ సీడ్‌మన్ దంపతుల బృందం కొన్ని కుటుంబాలను పరిశీలించగా, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నవారికి వయసు పెరిగేకొద్దీ కర్ణికాజఠరికా కణుపు కూడా క్రమంగా చెడిపోతున్నట్టు కనిపించింది. రంధ్రం మూసిన తరువాత కూడా అది ఆగదు. కొన్నింట హఠాన్మరణాలు సంభవించాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత మన పల్లెల్లో ఎందరో పేద పిల్లలకు ‘గుండెలో చిల్లు’ మూసే శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. వారిలో ఈ జన్యులోపం ఉన్నవారు కొద్దిమందే. అయినా ఒకే కుటుంబంలో ఇద్దరికి రంధ్రం ఉన్నదంటే, శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా ఏటా ఒక ఈసీజీ తీయించుకోవాలని చెప్పేవారుండాలి. ‘చిల్లు పూడ్చారు, ఇక భయం లేదు’ అన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది, ఆ కొద్దిమంది విషయంలో మాత్రం అది నిజం కాదు.

బాపట్ల విత్తనం

గుండె నుంచి వరికి రావడం దారి తప్పడం కాదు. ఈ ప్రాంతంలో ‘జన్యువు’ అన్న భావన జనంలోకి వెళ్లింది వరిద్వారానే. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో బీపీటీ 5204 విడుదలైంది. జనం నోట అది సాంబ మసూరి. ‘బీపీటీ’ అంటే బాపట్ల అని, సంకర వంగడమని, దేనికి ఓర్చుకుంటుందో దేనికి తలవంచుతుందో ఇక్కడి సామాన్య రైతుకు తెలుసు. దాని వంశం కాగితం మీద ఉంది: కోయంబత్తూరులో ఎంపికైన జీఈబీ 24, తైవాను పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1, ఆ రెండింటి సంకరానికి మలేసియా నుంచి వచ్చిన మసూరి. మూడు దేశాల తాతముత్తాతలు మన అన్నంపళ్లెంలో ఉన్నారు.

సాంబ మసూరికి ఒక బలహీనత ఉండేది. బ్యాక్టీరియా ఆకుఎండు తెగులుకు అది నిలవలేదు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి చెందిన రమేశ్ సొంటి బృందమూ, అదే నగరంలోని వరి పరిశోధన సంచాలకాలయమూ కలిసి తెగులును ఎదిరించే మూడు జన్యువులను, అన్నం రుచి మారకుండా, ఆ వంగడంలోకి సంకరణం ద్వారా తీసుకువచ్చారు. ప్రతి తరంలోనూ మొక్క డీఎన్ఏను చూసి కావలసినవాటిని ఏరుకోవడం ఇందులోని పద్ధతి. మెరుగైన సాంబ మసూరిగా అది 2008లో విడుదలైంది.

హైదరాబాదు, 2009

సీసీఎంబీ అని అందరికీ తెలిసిన ఆ సంస్థ నుంచే, సరిగ్గా మరుసటి ఏడాది, గుండె కండరం గురించిన వార్త వచ్చింది. దాని నేపథ్యం కొంత చెప్పాలి. 1958లో లండను వైద్యుడు డోనాల్డ్ టియర్, హఠాత్తుగా మరణించిన యువతీయువకుల గుండెలలో కండరం ఒకవైపు అసాధారణంగా మందమెక్కి ఉండటాన్ని వర్ణించాడు. 1990లో కెనడాలోని ఒక ఫ్రెంచి కుటుంబంలో దానికి తొలి జన్యుకారణం బయటపడింది. కండరతంతువులోని మయోసిన్ అనే మాంసకృత్తు తయారీ సూచనలో ఒక్క అక్షరం మారింది. 1995లో, మయోసిన్‌ను పట్టి ఉంచే మరో మాంసకృత్తు జన్యువులో, అంటే 11వ క్రోమోజోము మీది ఎంవైబీపీసీ 3లో, లోపాలు కనిపించాయి. ఈ జబ్బు ప్రతి 500 మందిలో సుమారు ఒకరికి ఉంటుందని అదే ఏడాది అమెరికాలో లెక్క తేలింది. అరుదైనదని అనుకున్న జబ్బు అరుదైనది కాదని అప్పుడు తెలిసింది.

2009 జనవరిలో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో పెరుందురై దండపాణి, సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, ఇంకా అనేకులు కలిసి ప్రకటించిన పరిశోధన ఈ ఎంవైబీపీసీ 3 గురించే. ఆ జన్యువు చివరిభాగంలో 25 అక్షరాలు లోపించిన రూపం ఒకటి గుండె కండరపు జబ్బులవారిలో ఎక్కువగా కనిపించింది. 800 మంది రోగులను, 699 మంది ఆరోగ్యవంతులను పోల్చి చూస్తే, ఆ లోపం ఉన్నవారికి జబ్బు అవకాశం సుమారు ఏడు రెట్లు. ఇంతకన్నా దిగ్భ్రాంతి కలిగించినది మరో సంఖ్య: భారత ఉపఖండ జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఈ లోపం ఉంది. ప్రపంచంలోని ఇతర ప్రాంతాల్లో అది దాదాపు లేదు. సుమారు 33,000 ఏళ్ల కిందట ఒకే పూర్వీకునిలో పుట్టి ఇంతమందికి పాకిందని పరిశోధకుల అంచనా. జబ్బు సాధారణంగా నడివయసు దాటాక బయటపడుతుంది, అప్పటికి బిడ్డలు పుట్టేసి ఉంటారు. అందుకే ప్రకృతివరణం ఈ లోపాన్ని ఏరివేయలేకపోయింది.

వార్తాపత్రికలు దీన్ని ‘భారతీయుల గుండెజబ్బు జన్యువు’ అన్నాయి. శాస్త్రం అక్కడ ఆగలేదు. తరువాతి కథ మన పత్రికల్లో దాదాపు రాలేదు కనుక ఇక్కడ కొంచెం నిలిచి చెప్పాలి. ఆ 25 అక్షరాల లోపం ఉన్నవారిలో అత్యధికులు జీవితమంతా ఆరోగ్యంగానే ఉంటున్నారు. మరి ఎవరికి జబ్బు వస్తుంది? 2018లో శక్తివేల్ సదయప్పన్ తదితరులు అమెరికాలోని దక్షిణాసియా సంతతివారిని పరిశీలించి, లోపంతోపాటు అదే జన్యువులో మరొక మార్పు కూడా ఉన్నవారి గుండె అతిగా సంకోచిస్తున్నదని చూపారు. 2020లో మరో అంతర్జాతీయ బృందం, జబ్బుకు అసలు కారణం ఆ లోపానికి పక్కనే దాగి వంశంలో కలిసి ప్రయాణించే వేరొక అరుదైన మార్పు కావచ్చునని, 25 అక్షరాల లోపం ఒక్కటే ఉంటే ముప్పు అంతగా లేదని వాదించింది.

దీన్ని 2009 పరిశోధన ‘తప్పు’ అని చదవకూడదు. బాపట్ల రైతు భాషలో చెప్పాలంటే, ఒక మడిలో తెగులు వచ్చిన మొక్కలన్నింటిలో ఒకే గుర్తు కనిపించింది, తెగులుకు కారణం ఆ గుర్తేనా, దాని పక్కన అంటుకుని వచ్చిన మరొకటా అని తేల్చడానికి మరో పదేళ్లు పట్టింది. వంశచరిత్ర రాసేవారికి ఈ చిక్కు కొత్త కాదు. ఒకే శాసనంలో రెండు పేర్లు పక్కపక్కన ఉంటే దానం చేసిందెవరో, సాక్షి ఎవరో తేల్చడం ఇలాంటిదే. నూటికి నలుగురు భయపడవలసిన పని లేదన్నది ఈ సవరణ సారం. అయితే కుటుంబంలో ఇప్పటికే కండరపు జబ్బుతో ఒకరు పోయిన ఇంటికి ఈ ఊరట వర్తించదు.

మేనరికం మీది నెపం

జన్యువు మాట రాగానే తెలుగుదేశంలో మొదట గుర్తుకు వచ్చేది మేనరికం. దాని మీద శాస్త్రీయ పరిశీలన కూడా ఇక్కడ ముందుగానే మొదలైంది. జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, 1962లో భువనేశ్వర్‌లో స్థిరపడి, 1964లో అక్కడే మరణించాడు. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల వివాహాల సంఖ్యను, ఫలితాలను 1963లో ప్రకటించాడు. ఒక తెలుగువాడు తెలుగువారి పెళ్లిళ్లను జన్యుశాస్త్రపు కళ్లతో లెక్కపెట్టిన తొలి ప్రయత్నాలలో అదొకటి.

లెక్క సులభమైనదే. మేనమామ మేనకోడలిని పెళ్లాడితే, వారి బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. బావామరదళ్లకైతే పదహారింట ఒక వంతు. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు ఈ లెక్క ప్రాణాంతకం. గుండె కండరపు జబ్బులు చాలావరకు ఆ కోవకు చెందవు. ఒక్క ప్రతి చెడినా చాలు, ఆ ప్రతి బిడ్డకు చేరే అవకాశం సగం. మేనరికం చేసుకున్నా, వేరే జిల్లా నుంచి సంబంధం తెచ్చుకున్నా ఆ సగం మారదు. ‘మా ఇంట్లో మేనరికాలు లేవు కనుక మాకు వంశపారంపర్య జబ్బులు లేవు’ అని చదువుకున్నవారు సైతం అనుకోవడం నేను తరచుగా వింటాను. గుండె విషయంలో ఆ ధీమాకు ఆధారం లేదు. మేనరికం చేసేది వేరే హాని. ఇరువైపులా ఒకే లోపం ఉన్నప్పుడు బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే వచ్చి, నడివయసులో రావలసిన జబ్బు పసితనంలోనే తీవ్రంగా రావచ్చు.

మేనరికం లేకున్నా స్వకులంలోనే వివాహాలు వందల ఏళ్లుగా సాగడం మరో పొర. 2009లో డేవిడ్ రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు ఆంధ్రదేశపు వైశ్యసమాజం చాలా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, అప్పటి నుంచి బయటి కలయిక అతిస్వల్పంగా సాగిందని డీఎన్ఏ ద్వారా చూపారు. ఇది ఏ ఒక్క కులానికో పరిమితమైన సంగతి కాదని, ఉపఖండంలో ఇటువంటి సమూహాలు అనేకమని 2017లో విస్తృత పరిశోధన వచ్చింది.

వంశావళిలో లేని గడి

కండరపు జబ్బు అనుమానం ఉన్న కుటుంబం నుంచి జన్యువైద్యుడు మొదట అడిగేది రక్తపు బొట్టు కాదు. మూడు తరాల వంశవృక్షం. ఎవరు, ఎప్పుడు, ఏ వయసులో, ఎలా పోయారు. తెలుగు సమాజానికి మూడు తరాలు కొత్త కాదు. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు, తల్లివైపున మాతామహుని పేరు మంత్రంతోపాటు పలుకుతారు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో కావలి సోదరుల సహాయంతో మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో గ్రామ కరణాల, దేవాలయాల, జమీందారుల వంశక్రమాలున్నాయి. భట్రాజుల నోట వంశాలకు వంశాలే నిలిచాయి. గుర్తుంచుకునే శక్తిలో మనకు లోటు లేదు.

లోటు ఎక్కడున్నదో ఆ వంశావళులను చదివినవారికి వెంటనే తెలుస్తుంది. పేరు ఉంటుంది, దానం ఉంటుంది, బిరుదు ఉంటుంది. మరణకారణం ఉండదు. ‘అల్పాయుష్కుడు’ అన్న ఒక్క మాటలో ముప్పై ఏళ్లకే పోయినవారంతా కలిసిపోతారు. మరీ ముఖ్యంగా, కూతుళ్లు ఉండరు. పెళ్లైన ఆడపిల్ల ఇంటిపేరు మారి మరో వంశావళిలోకి, అక్కడా పేరు లేకుండా, వెళ్లిపోతుంది. ఎంవైబీపీసీ 3 ఉన్న 11వ క్రోమోజోముకు ఇంటిపేరుతో పని లేదు. అది కూతురిలోనూ కొడుకులోనూ సమానంగా నడుస్తుంది. రేపల్లెలో ఒక ఇంటి కొడుకు ముప్పై ఏళ్లకు పోయి, తెనాలికి ఇచ్చిన అతడి మేనత్త కొడుకు పదేళ్ల తరువాత అదే వయసులో పోతే, ఆ రెండూ ఒకే కథ అని చెప్పగల కాగితం ఏ ఇంటి దగ్గరా ఉండదు. ఇంటిపేర్లు వేరు కనుక ఊరు కూడా వాటిని రెండు కథలుగానే గుర్తుంచుకుంటుంది.

తెలుగు శాఖల్లో స్థానిక చరిత్ర, కుటుంబ చరిత్ర ప్రాజెక్టులు చేయిస్తున్న మనం ఈ లోటును పూరించగలం. నేను విద్యార్థులకు ఇచ్చే కుటుంబచరిత్ర నమూనాలో ఇప్పుడు నాలుగు గడులు అదనంగా ఉన్నాయి: చనిపోయినప్పటి వయసు, ఆ సమయంలో చేస్తున్న పని, అంతకుముందు స్పృహ తప్పిన సందర్భాలు, ఆడపిల్లలను ఇచ్చిన ఊళ్లు. ‘గుండెపోటు’ అని రాస్తే ఒప్పుకోను. నొప్పి వచ్చిందా, దడ వచ్చిందా, ఏమీ లేకుండా పడిపోయారా అని అమ్మమ్మను అడిగి రమ్మంటాను. నలభై ఏళ్లలోపు అలా పోయినవారు ఒకరున్నా, వారి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బిడ్డలూ ఒకసారి ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలని, ఎదిగే పిల్లలకు ఒకటి రెండేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలని వైద్యమార్గదర్శకాలు చెబుతున్నాయి. తెనాలి, బాపట్ల వంటి పట్టణాల్లో ఈ రెండు పరీక్షలూ ఇప్పుడు దొరుకుతాయి. నాలుగు గడుల్లో విద్యార్థులు చాలాసార్లు ఖాళీగా తెచ్చేది చివరిదే. మేనత్తలను ఏ ఊరికి ఇచ్చారో ఇంట్లో ఎవరో ఒకరికి తెలుస్తుంది, ఆ మేనత్తల బిడ్డలు ఎలా పోయారో అడగడానికి మాత్రం రైలెక్కి రేపల్లె దాకా వెళ్లవలసి వస్తుంది.